రెండోసారి కొట్టిన అంకె

"దారివ్వండమ్మా, దారివ్వండి! మా వదినొచ్చింది. యాభై కంపెనీల తలరాత రాసే మనిషి!"

ఆసుపత్రి క్యాంటీన్ మొత్తం తలలు తిప్పి చూసేలా అరిచింది సూది. గుమ్మంలో ఉన్న టిక్కుకి వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది.

సూది నర్సు. ఆ పేరు పెట్టింది ఆమె అన్న. ఉద్యోగాన్ని చూసి కొంత, నాలుకను చూసి ఎక్కువ. ఆ అన్న భార్యే టిక్కు. ఆమెకు ఆ పేరు ఆఫీసులో వచ్చింది. షేర్ మార్కెట్ సూచీని లెక్కగట్టే కార్యాలయంలో ఆమెది తనిఖీ ఉద్యోగం. ఒకరు వేసిన లెక్కను తాను మళ్ళీ వేసి, సరిపోతే టిక్కు పెట్టాలి. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు కాబట్టి, పొద్దున సూది మర్చిపోయి వచ్చిన గుర్తింపు కార్డు ఇచ్చిపోదామని భోజన విరామంలో ఇటు వచ్చింది.

"కార్డు ఇదిగో. నేను పోతా."

"పోతే ఊరుకుంటామా? కూర్చో. వీళ్ళకి సూచీ అంటే ఏంటో చెప్పు. నేను చెప్తే నవ్వుతున్నారు."

బల్ల చుట్టూ నలుగురు నర్సులున్నారు. మధ్యలో కూర్చున్న హెడ్ నర్సు భారీ మనిషి. కుర్చీ ఆమె మాట వింటుంది తప్ప ఆమె కుర్చీ మాట వినదు. టీ గ్లాసు టిక్కు వైపు జరిపి అంది. "చెప్పమ్మా. రోజూ వార్తల్లో సూచీ లేచింది, సూచీ పడింది అంటారు. లేచేదెవరు, పడేదెవరు?"

టిక్కుకి ఈ ప్రశ్న ఇష్టం. కూర్చుంది.

"మీ వార్డులో యాభై మంది రోగులున్నారనుకోండి. అందరి జ్వరమూ కలిపి ఒక్క అంకెలో చెప్పాలి. ఏం చేస్తారు?"

"సగటు తీస్తాం."

"సూచీ కూడా అలాంటిదే. కాకపోతే చిన్న తేడా. లావుపాటి రోగి జ్వరానికి విలువెక్కువ, బక్కవాడి జ్వరానికి తక్కువ."

"అన్యాయం!" అంది సూది.

"నా జ్వరం ఒక్కటే రాసుకుంటే సరిపోతుందన్నమాట," అని హెడ్ నర్సు తన మీద తానే జోకు వేసుకుంది. బల్ల అదిరేలా నవ్వారు.

"మరి కంపెనీకి లావేంటి?"

"దాని షేర్లన్నిటి విలువే దాని బరువు. అన్నీ కాదులెండి. యజమాని ఇంటివాళ్ళు బీరువాలో దాచుకున్న షేర్లు లెక్కలోకి రావు. బయట చేతులు మారేవాటికే లెక్క."

"అంటే నగలూ చెప్పులూ తీయించి తూకం వేస్తారు."

"సరిగ్గా అంతే. ఏడాదికి రెండుసార్లు తూస్తాం. చిక్కిపోయిన కంపెనీని జాబితాలోంచి పంపించేసి, ఒళ్ళు చేసినదాన్ని చేర్చుకుంటాం."

"డిశ్చార్జ్, అడ్మిషన్," అంది సూది. "ఈసారి డిశ్చార్జ్ రంగుల కంపెనీ, అడ్మిషన్ తీగల కంపెనీ. పోయిన వారమే ప్రకటించారు. చెప్పు వదినా, చేర్చుకుంటే ఏమవుతుందో అది చెప్పు."

"ఈ జాబితాను చూసి అచ్చు అలాగే కొనే ఫండ్లుంటాయి. లక్షల మంది పొదుపు వాటిలో ఉంటుంది. రేపు సాయంత్రం మార్కెట్ మూసేవేళకి అవన్నీ తీగల కంపెనీని కొనాలి, రంగుల కంపెనీని అమ్మాలి. మంచిదా చెడ్డదా అని ఆలోచించే పని వాళ్ళకు లేదు."

"అందుకే మేం ముందే కొనేశాం!"

టిక్కు గ్లాసు దించింది. "ఎవరు?"

"ఐదుగురం. హెడ్ నర్సు అక్కయితే స్కూటరు కొనుక్కుందామని దాచిన డబ్బంతా పెట్టేసింది. చూడు, అప్పుడే పెరిగింది కూడా."

"నీకు నేనేం చెప్పానే? కంపెనీలను ఏరుకోకు, సూచీ ఫండ్లో పెట్టి ఊరుకో, అందులో మనుషుల ఇష్టాయిష్టాలు ఉండవు, లెక్క ఒక్కటే ఉంటుంది అని చెప్పానా లేదా?"

"చెప్పావు. ఆ లెక్క చూసేది మా వదినే కదా! నువ్వు జల్లెడ పట్టి ఇచ్చిన కంపెనీ కొంటే తప్పేంటి? పైగా అది మన కంపెనీ."

"మనదెలా అయింది?"

"ఈ ఆసుపత్రిని నడిపే సేవా ట్రస్టు లేదూ? తీగల కంపెనీలో పావు వాటా దానిదే. నిన్న కూడా ట్రస్టమ్మ గారు వార్డుకొచ్చి కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయో లేదో చూసి వెళ్ళారు."

"ట్రస్టమ్మ ఎవరు?"

"తీగల కంపెనీ యజమాని కోడలు. ట్రస్టులో ఉన్నదంతా ఆ ఇంటివాళ్ళే. అత్తగారు, కోడలు, ఒక మరిది. మరిది ఎప్పుడూ రాడు, సంతకం మాత్రం వస్తుంది," అంది సూది. మళ్ళీ నవ్వులు.

టిక్కు నవ్వలేదు.

యజమాని ఇంటివాళ్ళు నడిపే ట్రస్టు చేతిలోని షేర్లు, పేరు ఎంత పుణ్యమైనదైనా సరే, బీరువాలోవే. తూకానికి ముందు తీసేయాలి. అది వాళ్ళ ఆఫీసులో మొదటి పాఠం. మరి తూచినప్పుడు తీసేశారా? ఆమె గుర్తు తెచ్చుకోబోయింది. తీగల కంపెనీ పత్రంలో ట్రస్టు పేరు ఏ వరుసలో ఉంది? పేజీ ఎలా ఉంది?

గుర్తు రాలేదు. రాదు. ఆ పత్రాన్ని ఆమె తెరవనే లేదు.

"వదినా, టీ!"

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

* * *

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ప్రతి కంపెనీ తన వాటాలు ఎవరెవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఒక పట్టిక పంపుతుంది. మొదటి ఉద్యోగి దాన్ని చదివి, చేతులు మారే షేర్లు ఎంత భాగమో లెక్కగట్టి ఆ అంకెను కంప్యూటర్లో కొడతాడు. అది రెండో ఉద్యోగికి కనిపించదు. రెండో ఉద్యోగి అదే పట్టికను తెరిచి, సొంతంగా లెక్కగట్టి, తన అంకె కొట్టాలి. రెండూ కలిస్తే తెర మీద పచ్చగీత వస్తుంది. కలవకపోతే ఎర్రగీత. అప్పుడు ఇద్దరూ కూర్చుని తగవు తేల్చుకోవాలి.

మొదటి అంకె దశాంశం గారిది. ఆఫీసులో అందరికంటే పెద్ద. టీలో పంచదార ఎంత అంటే "ఒకటి పాయింట్ ఐదు సున్నా" అంటారు, అందుకా పేరు. టిక్కుకి పని నేర్పింది ఆయనే. ఆయనకో అలవాటుంది. అంకెలు కొట్టేటప్పుడు ఒక్కొక్కటీ పైకి చదువుతారు. "సున్నా... పాయింట్... ఆరు... రెండు..." ఇద్దరి బల్లల మధ్య ఉన్నది చెక్క పలక. మాట ఆగదు.

మొదట్లో టిక్కు తన లెక్క తాను వేసుకునేది. వేశాక పలక అవతలి గొంతు విని, రెండూ ఒకటే అయితే హమ్మయ్య అనుకునేది. ఒకసారి ఆమె లెక్కకూ ఆయన లెక్కకూ పొత్తు కుదరక ఎర్రగీత వచ్చింది. చూస్తే తప్పు ఆమెదే. అందరి ముందూ తల దించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత పని పెరిగిన ఒక రోజున, లెక్క వేయకుండానే గొంతు విని కొట్టింది. పచ్చగీత వచ్చింది. మర్నాడూ అంతే. దశాంశం గారు తప్పు చేయరు. చేయని తప్పును వెతకడం దేనికి?

అప్పటి నుంచి ఆమె వినడమే. చూడటం మానేసింది.

ఆఫీసుకు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే పట్టిక తెరిచింది. పైన పెద్ద అక్షరాల్లో 'బయటి వాటాదారులు' అని ఉంది. ఆ శీర్షిక కింద, మూడో వరుసలో, సేవా ట్రస్టు. పక్కన చిన్న చుక్క గుర్తు. పేజీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, ఆ చుక్కకు వివరణ ఉంది. ట్రస్టు సభ్యులు కంపెనీ యజమానికి దగ్గరి బంధువులు.

కంపెనీ దాచలేదు. చెప్పింది. వీళ్ళే చదవలేదు.

ట్రస్టు వాటా తీసేసి మళ్ళీ లెక్కగట్టింది. తీగల కంపెనీ బరువు జారిపోయింది, రంగుల కంపెనీ కంటే కిందికి. తేడా వెంట్రుకవాసి కాదు, పెద్దదే. జాబితాలో ఉండాల్సినది రంగుల కంపెనీయే.

రేపు సాయంత్రం ఫండ్లన్నీ తప్పుడు కంపెనీని కొంటాయి. ఆమె పెట్టిన టిక్కును నమ్మి.

* * *

"గురువుగారూ, ఒక్కసారి ఇది చూస్తారా?"

దశాంశం గారు కాగితం అందుకుని, తల పక్కకు తిప్పి చూశారు, కోడి గింజను చూసినట్టు. "తీగల కంపెనీ. చూశాంగా తల్లీ. సున్నా పాయింట్ ఆరు రెండు ఐదు సున్నా."

"కింద గమనిక ఉంది."

"కిందా? కింద ఏం లేదే."

హాస్యమేమో అనుకుని ఆయన ముఖంలోకి చూసింది. హాస్యం కాదు. ఆయన కళ్ళు పేజీ అడుగున వెతుకుతున్నాయి, చీకటి గదిలో స్విచ్చు కోసం తడుముకుంటున్నట్టు. ఆమె ఆయన చూపుడువేలు పట్టుకుని ఆ వరుస మీద పెట్టింది. ఆయన కాగితాన్ని పైకి జరిపి, కళ్ళకు ఎదురుగా తెచ్చుకుని చదివారు. చదివాక కాగితం బల్ల మీద పెట్టి దాన్ని రెండు చేతులతో సాపు చేశారు. అవసరం లేకపోయినా చాలాసేపు చేశారు.

"ఎప్పటి నుంచి గురువుగారూ?"

"మధ్యలో బాగానే కనిపిస్తుంది. అంచులే పోతున్నాయి." గొంతు తగ్గించారు. "నీటికాసులు అంటారట. కంట్లో ఒత్తిడి. ఆపరేషన్ చేయించుకోండి, పోయిన చూపు రాదు గానీ ఉన్నది నిలబడుతుంది అన్నాడు డాక్టరు."

"మరెందుకు చేయించుకోలేదు?"

"నిన్ను చూసి."

టిక్కుకి అర్థం కాలేదు.

"నేనొక అంకె కొడతాను. నువ్వు విడిగా, నీ కళ్ళతో చూసి, ఒక అంకె కొడతావు. ఎప్పుడూ కలిసేవి. అప్పుడెప్పుడో వచ్చినదాని తర్వాత ఒక్క ఎర్రగీత లేదు. డాక్టరు డబ్బుల కోసం భయపెడుతున్నాడనుకున్నాను. నా కళ్ళకేమైనా అయి ఉంటే నీ అంకె వేరే వచ్చేది కదా? ఆపరేషన్ వాయిదా వేశాను. రిటైరయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చులే అని."

ఆమె చెక్క పలకను పట్టుకుంది.

"గురువుగారూ, నేను కొట్టింది మీ అంకే."

"నాదే. కలిసింది కదా."

"కలవలేదండీ. మీరు పైకి చదువుతారు. ఇవతలికి వినపడుతుంది. విని అదే కొట్టాను."

"తీగల కంపెనీదా?"

"అన్నీ."

ఆమె తిట్టు కోసం ఎదురుచూసింది. తిట్టి ఉంటే బాగుండేది. చివరికి ఆయన అన్నది చాలా మామూలుగా అన్నారు. "అయితే ఇన్నాళ్ళూ చూస్తున్నది నేనొక్కణ్ణేనా? ఇద్దరం చూస్తున్నామనుకున్నాను."

ఆ మాట ఆమె లోపల ఎక్కడో దిగి అక్కడే ఉండిపోయింది.

"సరే, పద," అన్నారు లేస్తూ. "మేడమ్‌కి చెప్పాలి. రేపటిలోగా ఆపాలి. నేను చెప్తాను, నువ్వు పక్కన నిలబడు. నువ్వు సరైన అంకే కొట్టావని, ఎర్రగీత వస్తే పెద్దరికం చూపించి నేనే నీచేత మార్పించానని అంటాను. నెలాఖరుకి నేనెలాగూ ఇంటికి పోయేవాణ్ణి. నీకు ఇంకా బోలెడు సర్వీసుంది."

వద్దండీ అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. నోట్లోనే ఆగింది.

ఆమె ఆయన వెనకే నడిచింది. వరండాలో గోడ పక్కన ఉన్న చెత్తబుట్టకు ఆయన మోకాలు తగిలింది. ఇంతకుముందు కూడా తగిలేది. "గురువుగారూ, చెత్తబుట్టతో ఏంటండీ మీకు గొడవ?" అని ఆమె నవ్వేది. ఆయనా నవ్వేవారు.

* * *

డైరెక్టర్ మేడమ్ తక్కువ మాట్లాడే మనిషి. దశాంశం గారు చెప్పిందంతా చివరిదాకా విన్నది. పట్టిక చూసింది, కింది గమనిక చూసింది. తర్వాత కంప్యూటర్ వైపు తిరిగింది.

"ఎర్రగీత వస్తే రికార్డులో ఉండాలి. చూస్తాను."

"రికార్డు చూడక్కర్లేదు మేడమ్," అంది టిక్కు. "ఎర్రగీత రాలేదు. ఆయన నాచేత ఏమీ మార్పించలేదు. నేను పట్టికే తెరవలేదు. ఆయన గొంతు విని అంకె కొట్టాను. చాలా నెలలుగా అలాగే చేస్తున్నాను."

మాటలు గబగబా వచ్చేశాయి. దశాంశం గారు కళ్ళు మూసుకున్నారు. నిజం చెప్పించింది ధైర్యమా, మరుక్షణం రికార్డులో దొరికిపోతానన్న భయమా అని తర్వాత ఆమె చాలాసార్లు తరచి చూసుకుంది. ఏ సమాధానమూ పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మార్కెట్ మూయగానే సవరణ ప్రకటిస్తాం. తీగల కంపెనీ రాదు, రంగుల కంపెనీ పోదు. నేను కమిటీతో మాట్లాడాలి. అప్పటిదాకా ఇద్దరూ ఈ గదిలోంచి కదలకూడదు. ఫోన్లు బల్ల మీద పెట్టండి."

ఇద్దరూ పెట్టారు. పెట్టీ పెట్టగానే టిక్కు ఫోను మోగింది. తెర మీద 'సూది'.

"ఎవరు?"

"మా ఆడపడుచు."

"ఆమెకి తీగల కంపెనీ షేర్లున్నాయా?"

"ఉన్నాయి. ఈ మధ్యాహ్నమే తెలిసింది."

మేడమ్ కాసేపు ఆలోచించింది. "ఎత్తు. స్పీకర్లో పెట్టు. ఎత్తకపోయినా ఆమె ఏదో ఒకటి అనుకుంటుంది."

"వదినా!" గది నిండా సూది గొంతు. "టీ వదిలేసి అలా పారిపోయావేంటి? సర్లే, అర్జంటు. తీగల కంపెనీ మళ్ళీ పెరిగింది. హెడ్ నర్సు అక్క చెల్లెలి దగ్గర కూడా తీసుకుని ఇంకొన్ని కొంటానంటోంది. కొనొచ్చా?"

"కంపెనీల గురించి నేను మాట్లాడనని నీకు తెలుసు."

"తెలుసమ్మా తెలుసు, నీ నోటికి తాళం. మాట్లాడకు. వద్దయితే మాత్రం వద్దను. ఒక్క మాట. లేదంటే ఏమీ అనకు, నేనర్థం చేసుకుంటా."

టిక్కు మేడమ్ వైపు చూసింది. మేడమ్ కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. వద్దంటే, లోకానికి తెలియని రహస్యాన్ని ఇంటివాళ్ళకు అమ్ముకున్నట్టు. మౌనంగా ఉంటే, కొనమన్నట్టు. అవతల సూది ఊపిరి వినిపిస్తోంది. దాని వెనక వార్డులో ఎవరిదో దగ్గు.

"సూదీ, విను. నేనేమన్నా, ఏమనకపోయినా దానికి ఏ అర్థమూ లేదు. నన్నడిగి ఏదీ చేయకు."

"అబ్బో, ఆఫీసు భాష! పక్కన మీ పెద్దవాళ్ళెవరో ఉన్నట్టున్నారు. ఉండనీలే. వద్దనలేదు, అది చాలు!"

ఫోను ఆగిపోయింది.

"కొంటారా?" అని అడిగింది మేడమ్.

"కొంటారు."

మేడమ్ తన మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. ఆ గదిలో ఆ మధ్యాహ్నం ఎవరైనా ఎవరికైనా చేసిన ఉపకారం అంతే.

గోడ మీది తెరలో తీగల కంపెనీ ధర కదులుతోంది. పైకి కదిలినప్పుడల్లా టిక్కుకి హెడ్ నర్సు కనిపించింది, చెల్లెలికి ఫోన్ చేస్తూ. మార్కెట్ మూసింది. మేడమ్ ఒక మీట నొక్కింది. సవరణ లోకంలోకి వెళ్ళిపోయింది.

* * *

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి సూది వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. యూనిఫాం విప్పలేదు. అన్న చెల్లెల్నీ భార్యనీ చూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

"వార్తల్లో చెప్పారు," అంది సూది. "లెక్క తప్పిందట. రేపు మార్కెట్ తెరవగానే పడుతుంది కదా?"

"పడుతుంది."

"నేను ఫోన్ చేసినప్పుడు నీకు తెలుసా?"

టిక్కు సంచి కింద పెట్టింది. "తెలుసు."

"తెలిసీ..."

"చెప్పకూడదు. నేను చెప్తే నువ్వు ఎవరికో ఒకరికి అమ్మేదానివి. కొనేది ఇంకో మనిషే కదా. ఆ నష్టం వాళ్ళకు పోయేది."

"ఆ ఇంకో మనిషి నీకెవరు?"

"ఎవరూ కాదు."

"నేనెవర్ని?"

సూది కళ్ళు తుడుచుకుంది, కోపంగా, ముక్కు మీద ఈగను తోలినట్టు. "నీ లెక్క కరెక్టేలే వదినా. నీ లెక్కెప్పుడూ కరెక్టే. నాకు మాత్రం చెప్పకు."

"లెక్క కరెక్టు కాదు. అసలు తప్పు నాదే. నేను చూడాల్సిన పత్రం నేను చూడలేదు. చూసుంటే ఆ కంపెనీ జాబితాలోకి వచ్చేదే కాదు, మీరు కొనేవాళ్ళే కాదు. రేపటి నుంచి ఉద్యోగానికి రావద్దన్నారు. విచారణ జరుగుతుందట. నేను టిక్కు పెట్టినవన్నీ మళ్ళీ చూస్తారట."

సూది తలెత్తి చాలాసేపు చూసింది. ఆమె నోటికి ఎప్పుడూ తడుముకోవాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు వచ్చింది.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావ్? నాతో నువ్వు ఒకే ఇంట్లో ఉంటావు. ఇవాళ కాకపోతే ఇంకో నెలకైనా నేను మాట్లాడక చస్తానా? రేపు పొద్దున ఆ నలుగురి ముఖాలు చూడాల్సింది నేను. మా వదిన, మా వదిన అని కొనిపించింది నేను." లేచింది. "వచ్చి వాళ్ళకు చెప్పు. నీ నోటితో."

మర్నాడు పొద్దున దశాంశం గారు ఫోన్ చేశారు. కంటి ఆసుపత్రి నుంచి. "ఎడమ కన్ను సగం పోయిందట. కుడిది నిలబెడతామంటున్నారు. నువ్వేం బాధపడకమ్మా, కళ్ళు నావి కదా, చూసుకోవాల్సింది నేనే," అన్నారు. ఎంత పోయిందో దశాంశాలతో చెప్పలేదు. ఇంకాస్త పరుషంగా మాట్లాడండి గురువుగారూ అని అడగలేకపోయింది.

* * *

వార్డు చివర నర్సుల గది చిన్నది. ఒక బల్ల, మందుల అలమర, గోడకు నాలుగు కుర్చీలు. ఐదుగురూ ఉన్నారు. మార్కెట్ తెరిచి అప్పటికే గంట దాటింది. తీగల కంపెనీ ఎంత పడిందో అడగక్కర్లేకుండా వాళ్ళ ముఖాలు చెబుతున్నాయి. సూది కిటికీ దగ్గర నిలబడింది, ఎవరి పక్కనా కాకుండా.

"ఇంతకీ ఆ కంపెనీ చెడ్డదా?" అని అడిగింది హెడ్ నర్సు.

"కాదండీ. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. దాని బరువు మేం తప్పు తూచాం."

"మేమంటే?"

మేడమ్ గదిలో మాటలు తొందరపడి బయటికి వచ్చాయి. ఇక్కడ ఒక్కోదాన్నీ పట్టుకుని లాగాల్సి వచ్చింది. "నేను. తూకం సరిగ్గా ఉందో లేదో చూడటం నా పని. చూడలేదు. చూశానని టిక్కు పెట్టాను."

"ఎందుకు చూడలేదు?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి ఉండేది. హెడ్ నర్సు నిజంగా తెలుసుకుందామని అడిగింది.

"నాకంటే ముందు చూసినాయన చాలా మంచి పనివాడు. ఆయన చూశారు కదా అనుకున్నాను. నేను చూస్తాను కదా అని ఆయన అనుకున్నారు."

హెడ్ నర్సు బల్ల మీద చేతులు పెట్టి, వాటినే చూస్తూ కూర్చుంది. ఆ చూపు అక్కడి నుంచి మెల్లగా మందుల అలమర మీదికి వెళ్ళింది.

"స్కూటరు సంగతి వదిలేశాననుకోకు," అంది టిక్కుతో. "దాని గురించి నీతో తర్వాత మాట్లాడతా. చెల్లెలికి ఏం చెప్పాలో కూడా నువ్వే చెప్పాలి."

"చెప్తానండీ."

"సూదీ."

"ఏంటక్కా?"

"మధ్యాహ్నం ఇవ్వాల్సిన ఇన్సులిన్ల ట్రే ఇలా తీసుకురా. ఇద్దరం చూశామని పొద్దున నువ్వూ నేనూ సంతకాలు పెట్టిందే." ఆగింది. "ఇప్పుడు చూద్దాం."

ఇంకో రోజైతే సూది ఏదో ఒక చురక వేసేది. ఇవాళ ఏమీ అనకుండా అలమర తెరిచింది. ట్రే బల్ల మీదికి వచ్చింది. ఒకరు రోగి పేరున్న చీటీ తీసుకున్నారు, ఇంకొకరు మోతాదు రాసిన కాగితం. ఈసారి ఎవరూ పైకి చదవలేదు.

టిక్కు గుమ్మం దగ్గర అలాగే నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. ఆమె కూర్చోవాలనీ అనుకోలేదు.